నడిపమ్మ రెండు గోడలు

అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవని లాండ్రీలో అందరికీ తెలుసు. మాటలు లేకుండానే వాళ్ళిద్దరూ పొద్దస్తమానం అంతలా ఎలా తిట్టుకోగలుగుతున్నారన్నదే కొత్తగా వచ్చినవాళ్ళకి అర్థమయ్యేది కాదు. దానికి కారణం నడిపమ్మ.

"నడిపమ్మా, హోటలు దుప్పట్లు ఇంకా తడిగానే ఉన్నాయని వాడికి చెప్పు," అనేవాడు అన్నయ్య. ఆ 'వాడు' మూరెడు దూరంలోనే నిలబడి ఉండేవాడు.

"తడి దుప్పట్లు మడతపెట్టించింది ఎవరో ఆయన్నే గుర్తుచేసుకోమను అక్కా," అనేవాడు తమ్ముడు, పైకప్పు వైపు చూస్తూ.

నడిపమ్మ చేతిలో బ్రష్షు ఆపకుండా, "విన్నావుగా," అని అటు ఒకసారీ, "విన్నావుగా," అని ఇటు ఒకసారీ అనేది. అక్కడితో ఆ పూట సంభాషణ ముగిసేది.

ముగ్గురి సంతానంలో నడిమిది కాబట్టి నడిపమ్మ అయింది. అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిచే తీరిక ఎవరికీ లేకపోయింది. నలభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "ఈ మరక పోనీండి, ఆలోచిద్దాం," అనేది. ఒక మరక పోయేలోపు ఇంకో మరక వచ్చేది. ఆ పని ఆమెకి ఇష్టం కూడాను. ఇష్టంలేని పని చేస్తూ ఏళ్ళు గడిపేవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఇష్టమైన పని దొరికినందుకు ఆమె ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

లాండ్రీ అంటే ఒక పొడవాటి హాలు. రెండు పక్కలా నానబెట్టే తొట్లు, ఉతికే యంత్రాలు, ఇస్త్రీ బల్లలు బారులు తీరి ఉంటాయి. మధ్యన, వెనక గోడ దగ్గర మొదలై వీధి గుమ్మం కింద నుంచి బయటి మురుగులో కలిసేదాకా, నిటారుగా ఒక కాలువ. దాని మీద ఇనప జాలీలు. అటూ ఇటూ ఎప్పుడూ తడారని నల్ల బండలు. సరిగ్గా ఆ కాలువ మీద, రెండు కాళ్ళు ఇటు బండ మీదా రెండు కాళ్ళు అటు బండ మీదా వేసుకుని, నడిపమ్మ మరకల బల్ల ఉంటుంది. దాని పైభాగం చిల్లుల రేకు. మరక మీద పోసిన మందూ సబ్బూ బొట్లు బొట్లుగా నేరుగా కాలువలోకే కారిపోవాలని వాళ్ళ నాన్న అలా చేయించాడు. పని ముగిశాక జాలీలెత్తి, కాలువలో ఇరుక్కున్న పీచూ దారాలూ గుండీలూ కొక్కెం కర్రతో లాగేసే పని కూడా నడిపమ్మదే. ఎవరూ ఆమెకి అప్పగించలేదు. ఇంకెవరూ చేయరు కాబట్టి ఆమెదైంది. ఇళ్ళలో చాలా పనులు చాలామందికి అలాగే దక్కుతాయి.

నాన్న ఉన్నంతకాలం అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆయన పోయాక అన్నయ్య తమ్ముణ్ణి అడక్కుండా ఆసుపత్రి బట్టలు ఒప్పుకున్నాడు. తమ్ముడు అన్నయ్యని అడక్కుండా వ్యాను తెచ్చాడు. "నన్నడక్కుండానా?" అని ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో, ఒకరి మీదొకరు అరుచుకున్నారు. అప్పట్నుంచి ఉప్పూ నిప్పూ. ఇలా ఉంటే ఇద్దరూ మునిగిపోతారని, పంపకాలు చేయడానికి మేనమామ వేంచేశాడు.

మేనమామకి తగువులు తీర్చడమంటే ప్రాణం. తీరాక ఎవరు ఎలా బతుకుతారన్నది ఆయన పట్టించుకునే సంగతి కాదు. హాలు నడిమధ్య కుర్చీ వేయించుకుని, టీ తాగి, మూతి తుడుచుకుని తీర్పు చెప్పాడు. "మధ్యన అడ్డుగోడ కట్టేద్దాం. ఎడమ పక్క పెద్దాడిది. కుడి పక్క చిన్నాడిది. ఎవడి గుమ్మం వాడిది, ఎవడి గోల వాడిది."

"నడిపమ్మ మా వైపే," అన్నాడు అన్నయ్య వెంటనే.

"అక్క మా వైపు," అన్నాడు తమ్ముడు, ఇంకా వెంటనే.

యంత్రాలు పంచుకున్నట్టే, బొగ్గు ఇస్త్రీపెట్టెలు పంచుకున్నట్టే అన్నారు ఆ మాట. నడిపమ్మ బ్రష్షు కింద పెట్టింది.

"మరి నా వాటా మామయ్యా?"

మేనమామ నవ్వాడు. చిన్నపిల్ల చందమామని అడిగితే నవ్వే నవ్వు అది. "నీకు వాటా ఎందుకే పిచ్చిదానా, రెండు కళ్ళలాంటి ఇద్దరు తోడబుట్టినవాళ్ళుండగా! ఎవరి వైపుంటే వాళ్ళు నిన్ను చూసుకుంటారు. ఒక ముద్ద పెట్టరా? ఒక గది ఇవ్వరా? ఎటో ఒకటి తేల్చుకో. వచ్చే ఆదివారం మేస్త్రి వస్తాడు. అంతేగాని గోడ మీద పిల్లిలా కూర్చుంటానంటే కుదరదు."

పనివాళ్ళు కిసుక్కుమన్నారు. నడిపమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న బతికున్న రోజుల్లో ఊళ్ళో ఎవరి బట్ట మీద ఏ మరక పడినా, "మా నడిపిది తీసేస్తుందిలే," అని ఆయన గుమ్మంలో నిలబడి గర్వంగా చెప్పేవాడు. ఆ నడిపిదానికి ఈరోజు ఒక ముద్ద, ఒక గది. ఆమె మళ్ళీ బ్రష్షు తీసుకుని, మరక లేని చోట కూడా గట్టిగా రుద్దింది.

ఆ వారమంతా ఇద్దరూ ఆమె చుట్టూ తిరిగారు. అన్నయ్య ఆమె కోసం మెత్తటి కుర్చీ తెప్పించి తన వైపు వేయించాడు. తమ్ముడు కొత్త ఫ్యాను తెచ్చి తన వైపు బిగించి, గాలి ఆమెకి తగిలేలా తిప్పిపెట్టాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. గాలి మాత్రం తగిలింది, గాలికి వైపులు తెలియవు గనక.

శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడి భార్య వచ్చింది. బడిలో ఇంగ్లీషు చెబుతుంది. బడి వదలగానే పరీక్ష కాగితాల కట్ట పట్టుకుని నేరుగా మరకల బల్ల దగ్గరికొచ్చి, ముక్కాలిపీట లాక్కుని దిద్దుకోవడం ఆమెకి అలవాటు. ఇంట్లో ఫోనుల గొడవ, ఇక్కడైతే యంత్రాల గొడవ. యంత్రాలు నయం, సమాధానం అడగవు అనేది.

"చూడండి వదినా, ఈ పిల్లల తెలివి," అంది నవ్వాపుకోలేక. "వాల్ అనే మాటతో ఇంగ్లీషులో ఉన్న నుడికారాలు ఇచ్చి, అర్థం తెలుగులో రాయమన్నాను. 'గోడ మీది ఈగ' అంటే ఎవరికీ కనపడకుండా అన్నీ వినేవాడని కదా. వీడేం రాశాడో చూడండి. 'ఇంట్లో శుభ్రత లేదని అర్థం.'"

"నిజమేగా," అంది నడిపమ్మ.

"'గోడ మీది రాత.' ముంచుకొచ్చే ఆపద ముందే కనపడటం. దీనికి ఒకమ్మాయి, 'ఇచ్చట కాగితాలు అంటించరాదు' అని రాసింది."

నడిపమ్మ పకపకా నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. "ఇంకా?"

"'ఇటుక గోడతో మాట్లాడటం.' దీనికి, 'మేస్త్రికి మతి పోయినది'."

"అది మనకీ ఉందిగా. గోడకి చెప్పుకున్నట్టు అని. నేను రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను, అటో గోడకీ ఇటో గోడకీ."

మరదలు ఎర్ర పెన్ను పట్టుకుని ఇంకో కాగితం తీసింది. "ఇదైతే మరీనూ. 'వీపు గోడకి ఆనడం'. 'విశ్రాంతి తీసుకొనుట' అని రాశాడు."

"మరి కాదా?"

"కాదు వదినా. వెనక్కి వెళ్ళడానికి ఇక జాగా లేదని. పారిపోయే దారి లేక మనిషి ఎదురు తిరగాల్సి వచ్చిందని."

నడిపమ్మ చేతిలోని చొక్కా మీద మందు ఆరిపోతోంది. ఆమె చూడలేదు. "మరి గోడ మీద పిల్లి? అది ఉందా వాళ్ళకి?"

"పిల్లి లేదు. కంచె మీద మనిషి ఉన్నాడు. ఎటూ తేల్చుకోనివాడని."

"వాళ్ళకీ తిట్టేనా?"

"వాళ్ళకీ తిట్టే."

"అంటే ఏ భాషవాళ్ళయినా కింద నిలబడి చూసి కట్టిన మాటే అన్నమాట. పైన కూర్చున్నదాన్ని ఎవరూ అడగలేదు." నడిపమ్మ చొక్కాని దులిపి మళ్ళీ పరిచింది. "పిల్లి గోడెక్కేది ఎటు దూకాలో తెలియకనా? రెండు పెరళ్ళూ దానివే కాబట్టి ఎక్కుతుంది. అక్కణ్ణించైతే రెండూ కనపడతాయి."

మరదలు పెన్ను మూసింది. "మా వైపు వస్తారేమో అడగమన్నారు ఆయన. అడిగాను. అడిగానని చెప్తాను. ఇక ఆ గొడవ వదిలెయ్యండి. మీకేం కావాలి వదినా?"

ఎటు వస్తావని వారం రోజులుగా అందరూ అడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఇప్పుడే, ఇక్కడే, మొదటిసారి వినపడింది. నడిపమ్మకి కళ్ళు చెమర్చాయి. మందు ఘాటు అని అబద్ధం చెప్పాలనుకుంది గానీ చెప్పలేదు.

"ఈ బల్ల," అంది. "ఈ బల్ల ఉన్నచోటే. ఒకరు చూసుకుంటే ఉండటం కాదు. నాదై ఉండటం."

"అయితే అదే చెప్పండి."

"చెబితే నవ్వారుగా."

"నవ్వనీండి. నవ్వినవాళ్ళ నోళ్ళు అలాగే తెరుచుకుని ఉంటాయి కాసేపు," అంది టీచరమ్మ, కాగితాలు సర్దుకుంటూ.

ఆదివారం మేస్త్రి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో ఎర్రరంగు అద్దిన దారం. మేనమామ కుర్చీ మళ్ళీ నడిమధ్యకి వచ్చింది. పనివాళ్ళందరూ సెలవు మానుకుని మరీ వచ్చారు. అన్నదమ్ముల పంపకం ఏ సినిమాకి తీసిపోతుంది?

మేస్త్రి హాలంతా ఒకసారి కలియజూసి, చెప్పుతో జాలీ మీద తట్టాడు. "సరిగ్గా మధ్యనంటే ఈ కాలవ మీదకొస్తుంది బాబూ. కాలవ మీద గోడ నిలవదు. పునాది నాని కూర్చుండిపోతుంది. ఎటో ఒక పక్కకి జరపాలి."

"అయితే ఇటు జరుపు," అన్నాడు అన్నయ్య. "కాలువ వాడి వైపుకి పోనీ."

"నాకొద్దు," అన్నాడు తమ్ముడు. "ఆసుపత్రి బట్టల మురుగంతా నేను మొయ్యాలా? ఆయన వైపే ఉంచుకోమను."

"నాకేం ఖర్మ? రేపు కాలువ పొంగితే బయటి నుంచి అధికారులొచ్చి ఎవడి పీక పట్టుకుంటారు? నా గీత ఈ కాలువకి ఇవతలే." అన్నయ్య దారం అందుకుని జాలీకి ఒక అడుగు ఇవతల పట్టాడు.

"నా గీత దానికి అవతల," అన్నాడు తమ్ముడు.

"కాలువొక్కటేనా? ఆ తడి బండలు మాత్రం ఎవడు కడుగుతాడు? నాకు బండలు కూడా అక్కర్లేదు." అన్నయ్య ఇంకొంచెం వెనక్కి జరిగాడు.

"నాకు మాత్రం కావాలా?" తమ్ముడూ జరిగాడు.

లోకంలో అన్నదమ్ములు జానెడు నేల కోసం ముందుకి తోసుకుంటారు. వీళ్ళిద్దరూ పంతానికి పోయి, మొహాలు మాడ్చుకుని, ఒకరికంటే ఒకరు వెనక్కి నడిచారు. మురుగు అంటకూడదన్న ఆరాటంలో అటువాడు ఇస్త్రీ బల్లలదాకా, ఇటువాడు తొట్లదాకా వెళ్ళి ఆగారు. మేస్త్రి వాళ్ళు ఆగిన రెండు చోట్లా దారం లాగి వదిలాడు. టప్‌మని ఒక ఎర్రగీత. టప్‌మని ఇంకో ఎర్రగీత. రెండు గీతలకీ మధ్య కాలువ, బండలు, మరకల బల్ల, దాని వెనక నడిపమ్మ.

"అయితే ఈ మధ్యది ఎవరిది?" అంది నడిపమ్మ.

"ఎవరిదీ కాదు," అన్నాడు అన్నయ్య.

"నాకు సంబంధం లేదు," అన్నాడు తమ్ముడు.

"మామయ్యా, మీరు చెప్పండి. పెద్దవాళ్ళు."

మేనమామకి ఆకలవుతోంది. చెయ్యి విసిరాడు. "ఏముందే అందులో, మురుక్కాలవ! ఎప్పుడూ కడిగేది నువ్వేగా. నువ్వే చూసుకో."

"నన్నే చూసుకోమన్నారు. అందరూ విన్నారుగా?"

విన్నామన్నట్టు పనివాళ్ళు తలలూపారు. ఎందుకు ఊపుతున్నారో వాళ్ళకింకా తెలియదు. నడిపమ్మ బల్ల వెనక నుంచి వచ్చి, రెండు గీతల మధ్యన తడి బండ మీద నిలబడింది. ఆ క్షణం వరకూ ఆమెకి కూడా ఏం అనబోతోందో పూర్తిగా తెలియదు. కాళ్ళ కింద చల్లగా బండ తగిలింది. ఇన్నేళ్ళూ నిలబడ్డ చోటే అది.

"మేస్త్రీ! మా అన్నయ్య గీత మీద ఒక గోడ కట్టు. మా తమ్ముడి గీత మీద ఇంకో గోడ కట్టు. ఈ మధ్యది నా వాటా."

తమ్ముడు ముందు నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్విన సందర్భం అది. "కాలువ నీ వాటానా? హాయిగా ఏలుకో తల్లీ," అన్నాడు అన్నయ్య.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. గోడలు కట్టేవాడు కదా, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడటం అలవాటు. అతని చూపు ఎర్రగీతల వెంట నెమ్మదిగా వీధి వైపు పాకింది. కాలువ గుమ్మం కింద నుంచి పోతుందని ముందే అనుకున్నాం. అంటే గీతలు రెండూ గుమ్మానికి అటొకటీ ఇటొకటీ వెళ్ళి ముగిశాయి.

"మరి వీధి గుమ్మం?" అన్నాడు మేస్త్రి గొంతు సవరించుకుని.

హాలంతా ఒక్కసారిగా అటు తిరిగింది. గుమ్మం, గుమ్మానికి పైన నాన్న పెట్టించిన బోర్డు, గుమ్మం ముందు మూడు మెట్లు. అన్నీ చక్కగా, ఒక్క వేలు కూడా అటూ ఇటూ పోకుండా, మధ్య వాటాలో ఉన్నాయి. అన్నయ్యకి లేదు గుమ్మం. తమ్ముడికీ లేదు. మురుగు తప్పించుకోబోయి ఇద్దరూ ముఖద్వారం వదిలేసుకున్నారు.

"పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందంటే ఇదే," అంది తొట్ల దగ్గర ముసలామె ఒకతి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని.

ఇక చూడాలి గలాభా! మేనమామ కుర్చీలోంచి లేచాడు. "ఇదెక్కడి విడ్డూరం! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఆడపిల్లవి, తోడబుట్టినవాళ్ళ గుమ్మం లాక్కుంటావా?"

"నేను లాక్కోలేదు మామయ్యా. వద్దని ఇద్దరూ వెనక్కి నడిచారు, నేను కదల్లేదు. నాన్నకి ముగ్గురం పుట్టాం. ఇద్దరికే పంచడం మీకెలా వచ్చింది? లెక్కలో నన్ను మీరు మరిచిపోయారు, గుమ్మాన్ని వాళ్ళు మరిచిపోయారు. మీకు గుర్తు చేస్తే నవ్వారు. ఇప్పుడు నవ్వండి."

"నా బట్ట ఒక్కటంటే ఒక్కటి నీ బల్ల మీదకి రాదు!" అరిచాడు అన్నయ్య.

"రాకపోనీ."

"మా వైపు వస్తే నిన్ను మహారాణిలా చూసుకునేవాణ్ణి అక్కా," అన్నాడు తమ్ముడు, ఏడుపు గొంతుతో.

"మహారాణికి రాజ్యం ఉంటుందిరా. నువ్వు నాకు చూపించింది ఫ్యాను."

"మొండికెత్తకే," అన్నాడు మేనమామ, ఈసారి కాస్త తగ్గి. "అందరూ దూరమైపోతారు. ఒక్కదానివి, ఎలా బతుకుతావు?"

నడిపమ్మకి భయం వేయకపోలేదు. కానీ వీపు వెనక ఏముందో కూడా తెలిసింది. ఒక ముద్ద, ఒక గది. ఇక వెనక్కి వెళ్ళడానికి జాగా లేదు.

"ఎలా బతుకుతానో రేపు చూద్దురుగాని. ఈరోజుకి గోడలు కట్టనివ్వండి," అంది. "నేను గోడలు వద్దనట్లేదు. నా చుట్టూ నాకు తెలియకుండా కట్టొద్దంటున్నాను."

పనివాళ్ళ వెనకాల, తలుపు పక్కన నిలబడి ఉంది టీచరమ్మ. తరగతిలో మంచి జవాబు చెప్పిన పిల్లని చూసినట్టు చూసింది.

గోడలు రెండూ లేచాయి. అన్నయ్య పక్కసందులోకి గుమ్మం కొట్టించుకున్నాడు. తమ్ముడు కిటికీ ఊడదీసి గుమ్మం చేసుకున్నాడు. ఇద్దరికీ కలిపి ఒక అడ్డుగోడ అనుకున్నవాళ్ళు, చెరొకటి కట్టించుకుని, సున్నాలు వేయించుకుని తృప్తిపడ్డారు. లోపలి ముఖాలు రెండూ మాత్రం నడిపమ్మవి. వాటికి ఆమె తనే రంగు వేసుకుంది, ఒకదానికి పసుపు, ఒకదానికి లేత ఆకుపచ్చ. రెండూ వేరువేరుగా ఎందుకని రంగులమ్మేవాడు అడిగితే, "రెండూ నావే కాబట్టి," అంది.

అన్నయ్య అన్నంత పనీ చేశాడు. అటు నుంచి ఒక్క బట్ట రాలేదు. తమ్ముడూ పంపలేదు. మొదటి రోజుల్లో నడిపమ్మ ఖాళీ బల్ల ముందు కూర్చుని, అటు గోడలోంచి యంత్రాల మోత, ఇటు గోడలోంచి ఇస్త్రీపెట్టెల దడదడ వింటూ ఉండిపోయింది. అవి లేకుండా ఇన్నేళ్ళలో ఒక్క పగలూ గడవలేదు. ఇప్పుడు ఉన్నా లేనట్టే. అయినా సాయంత్రం కాగానే జాలీలెత్తి కాలువ శుభ్రం చేసేది. ఇదివరకు ఎవరూ చేయరని చేసేది. ఇప్పుడు తనది కాబట్టి చేస్తోంది. అదే కొక్కెం కర్ర, అదే మురుగు, నడుం మాత్రం ఇదివరకటంత నొప్పిపెట్టేది కాదు.

అన్నదమ్ములు ఒక సంగతి మరిచిపోయారు. జనానికి గోడలతో పని లేదు, గుమ్మంతోనే పని. పాత బోర్డు చూసి, పాత మెట్లెక్కి, పాత గుమ్మంలోంచే వచ్చేవాళ్ళు. "ఉతకడానికైతే ఎడమకి వెళ్ళండి, మా అన్నయ్య ఉంటాడు. కుడికి వెళితే మా తమ్ముడు. ఇద్దరూ బాగానే చేస్తారు," అని నడిపమ్మ ఇద్దరి వైపూ సమానంగా దారి చూపించేది. "మరకైతే మాత్రం ఇక్కడే కూర్చోండి."

కూర్చునేవాళ్ళు. మెల్లగా బల్ల నిండింది. సిరా మరకలు, నూనె మరకలు, రంగు మరకలు. చేతులకి మళ్ళీ మందు వాసన పట్టింది. ఆ వాసన చూసుకుని ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం పసుపు గోడ మీద దబదబా చప్పుడైంది.

"నడిపమ్మా!" గోడకి అవతల నుంచి అన్నయ్య గొంతు. "నడిపమ్మా, వినపడుతోందా?"

ఆమె సూది మొనతో మరక అంచు గీకుతూనే ఉంది.

"డాక్టర్ల తెల్లకోట్ల మీద తుప్పు మరకలు పడ్డాయే! కొత్త యంత్రం గొట్టంలోంచి వచ్చింది తుప్పంతా. మావాళ్ళు బ్లీచింగు మందు పోస్తే ఇంకా ముదిరాయి. సాయంత్రానికి పంపాలి. విన్నావా?"

"గోడకి చెవులుంటాయంటారు అన్నయ్యా, నోరుండదు. మాట్లాడాలంటే గుమ్మంలోకి రా."

తర్వాత వీధిలో చెప్పుల చప్పుడు. అన్నయ్య చేతుల నిండా కోట్లు పట్టుకుని, మూడు మెట్లూ ఎక్కి, జీవితమంతా వచ్చినట్టే విసురుగా లోపలికి అడుగుపెట్టాడు.

"అక్కడే ఆగు," అంది నడిపమ్మ.

ఆగాడు.

"తలుపు కొట్టి రా."

"ఏమిటీ? తలుపు తెరిచే ఉందిగా!"

"తెరిచే ఉంటుంది. అయినా కొట్టి రావాలి. ఇది నా వాటా."

అన్నయ్య మొహం కందగడ్డ అయింది. ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే లోపల ముక్కాలిపీట మీద కూర్చున్న మనిషి కనపడ్డాడు. తమ్ముడు. ఒళ్ళో ఎర్రరంగు పట్టిన తెల్ల చొక్కాల మూట. చేతులు మూట మీద పెట్టుకుని, బుద్ధిగా, బడిపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"వీడెందుకొచ్చాడు?" అన్నాడు అన్నయ్య. వెంటనే అలవాటుకొద్దీ, "నాది తొందర పని, ముందు నాదే చూడాలని వాడికి చెప్పు నడిపమ్మా."

"ముందొచ్చింది నేనని ఆయనకి చెప్పు అక్కా," అన్నాడు తమ్ముడు, కప్పు వైపు చూస్తూ.

నడిపమ్మ సూది కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఇద్దర్నీ తనివితీరా చూసింది.

"నేను చెప్పను. ఇన్నాళ్ళూ మీ మధ్యన గోడ నేనే. ఇప్పుడు చెరొకటి కట్టుకున్నారుగా, ఇక నాకు సెలవు. మూరెడు దూరంలో ఉన్నారు, మీరే చెప్పుకోండి."

బయట వ్యాను ఏదో హారను కొట్టుకుంటూ పోయింది. గోడలకి అటూ ఇటూ యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అన్నయ్య గుమ్మం అవతలికి ఒక అడుగు వెనక్కి వేశాడు. కోట్లని ఒక చేతిలోకి మార్చుకున్నాడు. తెరిచి ఉన్న తలుపు మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టాడు.

"ఎవరూ?" అంది నడిపమ్మ.

"నేను," అన్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "నేనే. మీ అన్నయ్యని."

"రా అన్నయ్యా, కూర్చో," అంది నడిపమ్మ, తమ్ముడి మూట విప్పుతూ. "వీడి తర్వాత నువ్వే."